ఫ్రాన్ష్‌హుక్ ఎలా చూడాలి: తోటలు తక్కువ, తీరిక ఎక్కువ

కేప్‌టౌన్ టూరు ప్యాకేజీల్లో, దగ్గర్లోని వైన్ తోటల లోయ ఫ్రాన్ష్‌హుక్‌కు సాధారణంగా ఒక పూటే ఇస్తారు. బస్సు దింపుతుంది, రెండు తోటల్లో వైన్ రుచి చూపిస్తారు, మెయిన్ రోడ్డు మీద అరగంట వదిలేస్తారు, ఫొటోలు దిగి మళ్లీ బస్సెక్కడమే. దక్షిణాఫ్రికా దాకా అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి ఆ లోయను ఇలా చూసి వచ్చేయడం నాకు బొత్తిగా నచ్చదు. మూడు వైపులా కొండలు, మధ్యలో ద్రాక్షతోటలు, 300 ఏళ్లు దాటిన ఎస్టేట్లు, గొప్ప వంట, ఇవన్నీ నిజమే. వాటి వెనక ఇంకో కథ ఉంది. అందులో మన కోస్తా ప్రస్తావన కూడా ఉంది. రెండు రాత్రులు అక్కడే ఉండి, రోజుకు రెండు మూడు తోటలు మించకుండా పెట్టుకుంటే అటు వైనూ ఇటు కథా రెండూ దక్కుతాయి. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు నెల తేల్చుకోండి

అది దక్షిణార్ధగోళం. మనకు సంక్రాంతి వచ్చేసరికి వాళ్లకు నడివేసవి. డిసెంబర్, జనవరి నెలల్లో ఎండ బాగుంటుంది, పగలు పొడవు, కానీ జనం విపరీతం, గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా ద్రాక్షకోతలు. తోటల్లో పని ఎలా జరుగుతుందో కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ఇదే సరైన కాలం. తెల్లవారకముందే కోత మొదలవుతుంది. పళ్లు వేడెక్కకముందే సెల్లారుకు, అంటే వైన్ చేసి నిలవ ఉంచే చోటుకు చేరాలి కదా.

మన పిల్లల వేసవి సెలవులకు, అంటే ఏప్రిల్ నెలాఖరు, మే నెల మొదట్లో వెళ్లగలిగితే నేను దానికే ఓటేస్తాను. అక్కడ అప్పుడు ఆకురాలు కాలం. ద్రాక్ష ఆకులు పసుపు, రాగి, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి. కోతలు అయిపోయి ఉంటాయి కాబట్టి టేస్టింగ్ గదిలో మనతో మాట్లాడే మనిషికి కూడా తీరిక దొరుకుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా చలి, వాన. కేప్ ప్రాంతంలో వానలు చలికాలంలోనే పడతాయి, గొడుగు కన్నా మంచి జాకెట్ ముఖ్యం. జులై 14 దరిదాపుల్లో వచ్చే వారాంతంలో ఊరంతా ఎరుపు, తెలుపు, నీలం రంగులు కట్టి బాస్టీల్ పండుగ చేస్తారు. డిసెంబర్ మొదట్లో మెరిసే వైన్లకు, అంటే షాంపేన్‌లా బుడగలొచ్చే వైన్లకు ప్రత్యేకంగా ఒక పండుగ ఉంటుంది. ఈ రెండు వారాంతాల్లో వెళ్లాలంటే గది నెలల ముందే చూసుకోవాలి.

కాగితాలు, టికెట్లు

హైదరాబాద్ నుంచి కేప్‌టౌన్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్లడం తేలిక. భారత పాస్‌పోర్టుకు వీసా కావాలి. ఈ మధ్య దక్షిణాఫ్రికా వీసా పద్ధతులు మారుతున్నాయి కాబట్టి టికెట్ కొనకముందే వాళ్ల అధికారిక సైటులో ఆ నెల నిబంధనలు చదవండి. ఆఫ్రికాలోని వేరే దేశం మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలకు మించి ఆగితే యెల్లో ఫీవర్ టీకా పత్రం అడగవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లు తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి.

ఒక చిన్న చిట్కా: అక్కడి పాత సాకెట్లు మన గీజరు, ఏసీ ప్లగ్గులకుండే లావు మూడు పిన్నుల రకం. ఆ ప్లగ్గున్న పవర్ స్ట్రిప్ ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్తే అడాప్టర్ కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

చేరడం, దిగడం

కేప్‌టౌన్ నుంచి ఫ్రాన్ష్‌హుక్ 80 కిలోమీటర్ల లోపే, కారులో గంట పైచిలుకు. రెండు దారులు. ఎన్1 హైవే మీద పార్ల్ వైపు వెళ్లి, క్లాప్‌మట్స్ దగ్గర దిగి ఆర్45 పట్టుకోవడం త్వరగా చేర్చే దారి. స్టెలెన్‌బాష్ మీదుగా హెల్స్‌హుక్తె కనుమ ఎక్కి, ప్నియెల్ దాటి దిగేది అందమైన దారి. వెళ్లేటప్పుడు అందమైన దారిలో వెళ్లి, తిరుగు ప్రయాణంలో త్వరగా తేలే దారి పట్టండి. విమానం రాత్రి దిగితే ఆ రాత్రి కేప్‌టౌన్‌లోనే పడుకోండి, పొద్దున బయల్దేరండి. తెలియని రోడ్లలో చీకటి ప్రయాణం ఆ దేశంలో పెట్టుకోకపోవడమే క్షేమం. కారులో బ్యాగులు పైకి కనపడేలా వదిలి దిగకండి.

అక్కడా ఎడమ వైపు డ్రైవింగే. ఇంగ్లిషులో ఉండి, ఫొటో, సంతకం ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. కారు అద్దెకిచ్చేవాళ్లు కొందరు అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతారు, ఆర్టీఏలో తీసుకుని వెళ్లడం మంచిది. కానీ వైన్ రుచి చూసే రోజున స్టీరింగ్ ముట్టుకోకండి. అక్కడ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 0.05 గ్రాముల ఆల్కహాల్. మన దేశంలో 0.03. కాస్త సడలింపు ఉంది కదా అని లెక్కలు కట్టుకునే విషయం కాదు. ఆ రోడ్లలో మలుపులు ఎక్కువ, రాత్రి దీపాలు తక్కువ. యాప్ ట్యాక్సీలు కేప్‌టౌన్‌లో దొరికినంత సులువుగా ఈ ఊళ్లో దొరకవు, ముఖ్యంగా రాత్రి భోజనం అయ్యాక. మీరు దిగే చోటే ముందు రోజు చెప్పి బండి మాట్లాడించుకోండి.

గది విషయంలో నా సలహా ఒక్కటే. ఊరి మెయిన్ రోడ్డు అయిన హ్యూగెనో రోడ్డుకు నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకోండి. వర్జిన్ సంస్థల రిచర్డ్ బ్రాన్సన్‌కు చెందిన మోంట్ రోషెల్, భారతీయ వ్యాపారవేత్త అనల్జీత్ సింగ్ కట్టించిన లియు ఎస్టేట్స్, లా రెసిడెన్స్ లాంటివి తోటల మధ్యలో ఉండే ఖరీదైన బసలు. ఒక రాత్రి వైభవంగా గడపాలని ఉంటే గడపండి, తప్పేముంది? బడ్జెట్ చూసుకునేవాళ్లకు ఊళ్లో గెస్ట్‌హౌసులు బోలెడు. ఆ లగ్జరీ హోటళ్ల తోటలు, తైల చిత్రాలు, శిల్పాలు చూడటానికి అక్కడే పడుకోనక్కర్లేదు. మధ్యాహ్న భోజనానికి టేబుల్ బుక్ చేసుకుంటే చాలు.

మొదటి రోజు: ట్రామెక్కండి

1904లో పార్ల్ వైపు నుంచి ఈ లోయలోకి రైలు మార్గం వేశారు. రైళ్లు ఆగిపోయిన ఆ పట్టాల మీదే 2012 నుంచి వైన్ ట్రామ్ నడుస్తోంది. పట్టాల మీద నడిచే ట్రామ్ కొంత దూరం, చుట్టూ తెరిచి ఉండే ట్రామ్ బస్సు కొంత దూరం తీసుకెళ్తాయి. రూట్లకు రంగుల పేర్లుంటాయి. ఒక్కో రంగుది ఒక్కో తోటల వరస. ఎక్కడైనా దిగొచ్చు, తర్వాత వచ్చేది ఎక్కొచ్చు.

బుక్ చేసేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోండి. మొదటిది, అన్ని రూట్లలోనూ పట్టాల మీది ప్రయాణం ఉండదు, కొన్ని కేవలం బస్సు రూట్లే. ట్రామ్ ఎక్కాలని ఉంటే అది ఉన్న రూటే అడిగి తీసుకోండి. రెండోది, టికెట్ ధరలో టేస్టింగ్ రుసుము కలవదు, తోటలో విడిగా కట్టాలి. మూడోది, పొద్దుటి మొదటి స్లాట్ తీసుకోండి. ఒకటి వెళ్లిపోతే మరొకటి వచ్చేదాకా దాదాపు గంట ఆగాలి కాబట్టి ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు రోజు చాలదు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. పేర్లు చాలా ఉన్నాయని అన్ని చోట్లా దిగకండి. మూడింటిని ఎంచుకోండి. ఒకటి టేస్టింగ్‌కు, ఒకటి తీరిగ్గా మధ్యాహ్న భోజనానికి, ఒకటి ఊరికే తోటలో తిరగడానికి. నాలుగో తోటకు వచ్చేసరికి నాలుక మొద్దుబారుతుంది, అక్కడ ఎంత మంచి వైన్ పోసినా తేడా తెలియదు.

ఏవి ఎంచుకోవాలి? మీ రూటులో ఓట్ కాబ్రియేర్ ఉంటే వదలకండి. పియెర్ జుర్దాన్ అనే ఫ్రెంచి శరణార్థి 1694లో పొందిన భూమి అది. తను వదిలి వచ్చిన పల్లె పేరే దానికి పెట్టుకున్నాడు. ఇప్పటి సెల్లారును కొండ వాలులోకి తొలిచి కట్టారు. మెరిసే వైన్ సీసా మెడను కత్తితో ఒక్క వేటున కొట్టి తెరిచే వేడుకకు ఆ చోటు పేరుపడింది. శనివారం పొద్దున వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడే ఆ వేడుక ఉందో లేదో అడగండి. లా మోట్‌లో పాత కేప్ డచ్ ఇళ్లు (కేప్ ప్రాంతంలో స్థిరపడ్డ డచ్చివాళ్ల పద్ధతిలో కట్టినవి), నడక దారులు బాగుంటాయి. గ్రాంద్ ప్రొవాన్స్‌లో శిల్పాల తోట ఉంది. వైన్ మీద ఆసక్తి లేని నాన్నగారో, కారులంటే పడిచచ్చే కొడుకో వెంట ఉంటే ఆంటొనీ రూపర్ట్ ఎస్టేటులోని మోటారు మ్యూజియానికి ముందుగా బుక్ చేయండి. పాత కార్లను వరసగా పెట్టి, వాటి కాలాన్ని బట్టి చూపిస్తారు.

ఇళ్లను గమనించండి. తోటల పేర్లన్నీ ఫ్రెంచి, ఇళ్లు మాత్రం తెల్లసున్నం వేసిన గోడలు, గడ్డి కప్పు, నడిమధ్య ఒంపులు తిరిగిన ముఖభాగంతో పూర్తిగా కేప్ డచ్ పద్ధతి. ఎందుకలా అయిందో రెండో రోజు తెలుస్తుంది.

టేస్టింగ్ ఎలా చేయాలి

మొదటిసారి వెళ్లేవాళ్లు బెరుకు పడేది ఇక్కడే. బెరుకు అక్కర్లేదు. సాధారణంగా అయిదారు రకాలు, ఒక్కోటి రెండు మూడు గుక్కల చొప్పున పోస్తారు. మనిషికి నూరు రాండ్ల పైమాటే. రాండు విలువ మన లెక్కలో అయిదు రూపాయల అటూఇటూగా ఉంటోంది.

గ్లాసును కింది కాడ దగ్గర పట్టుకోండి, చేతి వేడి వైన్‌కు తగలకూడదు. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడండి. ఒకసారి వాసన చూసి, గుండ్రంగా తిప్పి, మళ్లీ చూడండి. రెండోసారి వాసన వేరుగా తెలుస్తుంది. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. చెంపల లోపల నీరూరితే అది పులుపు. చిగుళ్లు, నాలుక బిగుసుకున్నట్టయితే వగరు, వక్క నమిలినప్పుడు ఉండే వగరే ఎర్ర వైన్‌లో ఉండేదీ. పులుపు, తీపి, వగరు, ఘాటు ఈ నాలుగింటినీ పట్టుకోగలిగితే చాలు. బ్రోషర్‌లో రాసిన బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ వాసనలు మనం చిన్నప్పటి నుంచి ఎరగనివి, అవి రాలేదని బెంగపడకండి. మీకు ఉసిరికాయ గుర్తొచ్చినా, మామిడి గుర్తొచ్చినా అదే చెప్పండి. అవతలి మనిషికి అలాంటి మాట వినడం ఇష్టం.

బల్ల మీద ఉమ్మడానికి పాత్ర ఉంటుంది. ఉమ్మితే అమర్యాద కాదు. రోజంతా రుచి చూడాలనుకునేవాళ్లు చేసేది అదే. మధ్య మధ్య నీళ్లు తాగండి, ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి. తాగనివాళ్లు కూడా హాయిగా రావచ్చు. చాలా తోటల్లో ద్రాక్షరసం, చాక్లెట్, చీజ్ లాంటివి ఇస్తారు. తాగే వయసు అక్కడ 18.

ఏం అడగాలి? ఫ్రాన్ష్‌హుక్‌లో తప్పకుండా అడగాల్సింది సెమియోన్ అనే తెల్ల ద్రాక్ష. 19వ శతాబ్దం మొదట్లో కేప్‌లో ఎక్కువ భాగం తోటలు ఈ ద్రాక్షవే. ఇప్పుడు చాలా తగ్గిపోయింది. కానీ ఈ లోయలో 1902లో నాటిన సెమియోన్ తోట ఇప్పటికీ కాపు కాస్తోంది. ముసలి తీగల దగ్గరికి వెళ్లే అవకాశం దొరికితే కాసేపు నిలబడి చూడండి. తీగలు పాకించడానికి కంబీలు, పందిళ్లు ఏవీ ఉండవు. మోకాలెత్తున లావుగా మెలితిరిగిన మోడు, బెరడు పొరలుపొరలుగా లేచి ఉంటుంది, ఆ మోడు నెత్తిన నాలుగైదు కొమ్మలు. ఇలాంటి చెట్టు కాసేది తక్కువే, ఆ కాసిన కొద్దిపాటి పళ్లలో రుచి చిక్కగా ఉంటుందని తోటమాలులు చెబుతారు. 35 ఏళ్లు దాటిన తోటల వైన్ సీసా మెడ మీద 'ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్' (ఇక్కడ వైన్ అంటే ద్రాక్షతీగ) వాళ్ల ముద్ర ఉంటుంది, దాని మీద తోట నాటిన సంవత్సరం వేసి ఉంటుంది. అది వెతకండి.

రెండోది కాప్ క్లాసిక్. షాంపేన్ పద్ధతిలోనే సీసా లోపల రెండోసారి పులియబెట్టి చేసే మెరిసే వైన్. షాంపేన్ అనే పేరు ఫ్రాన్సులోని ఆ ప్రాంతానికే చెందుతుంది కాబట్టి వీళ్లు ఈ పేరు పెట్టుకున్నారు. ఎర్రవాటిలో సిరా (షిరాజ్) అనే ద్రాక్ష బాగా పండుతుంది. పినోటాజ్ దక్షిణాఫ్రికా సొంత ద్రాక్ష, 1925లో స్టెలెన్‌బాష్‌లో రెండు రకాలు కలిపి పుట్టించారు. ఒక్కసారైనా రుచి చూడాలి.

రెండో రోజు: ఈ లోయ ఎవరిది

ఇది లేకపోతే మిగిలిందంతా సగమే. పొద్దున ఊరి చివరనున్న హ్యూగెనో స్మారకానికి నడవండి.

ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్ క్రైస్తవులకు హ్యూగెనోలని పేరు. 1685లో లూయీ 14 వాళ్లకున్న మతస్వేచ్ఛను రద్దు చేశాడు. ఇళ్లూ వాకిళ్లూ వదిలి పారిపోయినవాళ్లలో 200 మంది దాకా 1688, 89 సంవత్సరాల్లో డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో కేప్‌కు చేరారు. గవర్నర్ సైమన్ వాన్ డెర్ స్టెల్ వాళ్లకు ఈ ప్రాంతంలో భూములిచ్చాడు. అయితే ఫ్రెంచివాళ్లంతా ఒకచోట గుమిగూడకుండా డచ్ రైతుల మధ్య మధ్యలో ఇచ్చాడు, పిల్లలకు చదువు డచ్చిలోనే చెప్పించారు. రెండు తరాలకల్లా ఫ్రెంచి భాష నోళ్లలోంచి పోయింది. మిగిలినవి తోటల పేర్లు, ఇంటిపేర్లు. ఏబీ డివిలియర్స్, ఫాఫ్ డుప్లెసిస్ అని మనం ఐపీఎల్‌లో అరిచి పిలిచిన ఇంటిపేర్లు ఈ శరణార్థులవే. స్మారకం పక్కనున్న మ్యూజియంలో ఈ కుటుంబాల వివరాలు, బైబిళ్లు, సామాన్లు చూడొచ్చు. మ్యూజియం భవనం కూడా చూడదగ్గదే. కేప్‌టౌన్‌లో ఉన్న పాత ఇంటి సామగ్రిని ఇక్కడికి తరలించి మళ్లీ కట్టారు.

ఒక అపోహ తొలగించుకుని వెళ్లండి. కేప్‌లో వైన్ తయారీని వీళ్లు మొదలుపెట్టలేదు. అక్కడ తొలి వైన్ 1659లోనే తీశారు. వీళ్లలో ద్రాక్షసాగు బాగా తెలిసినవాళ్లు కొందరే, ఆ కొందరి చేతిలో లోయ తోటలుగా మారింది.

స్మారకం ముందు నీటి కొలను, వెనక మూడు తోరణాలు. మధ్యలో భూగోళం మీద నిలబడ్డ స్త్రీ. ఒక చేతిలో బైబిల్, ఇంకో చేతిలో తెగిన సంకెల. దగ్గరికి వెళ్లి ఆమె పాదాల కింది భూగోళం చూడండి. ఆఫ్రికా దక్షిణ కొస దగ్గర బైబిల్, వీణలాంటి హార్ప్, ధాన్యపు పన, ద్రాక్షతీగ, రాట్నం చెక్కి ఉంటాయి. ఈ స్మారకాన్ని 1948 ఏప్రిల్ 17న ఆవిష్కరించారు. మరుసటి నెల ఎన్నికల్లో నేషనల్ పార్టీ గెలిచింది, వర్ణవివక్ష ప్రభుత్వ విధానమైంది. ఆ తెగిన సంకెలను ఈ రెండు తేదీలూ గుర్తుంచుకుని చూడండి.

ఎందుకంటే ఆ కంపెనీ ఓడలు కేప్‌కు మోసింది శరణార్థులను మాత్రమే కాదు. మడగాస్కర్, మొజాంబిక్, ఇండోనేషియా దీవులు, బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి బానిసలను కూడా తెచ్చాయి. బందరులో వలందపాలెం తెలిసినవాళ్లకు, భీమిలిలో డచ్చివారి సమాధులు చూసినవాళ్లకు ఈ కంపెనీ కొత్తది కాదు. కేప్ రికార్డుల్లో బానిసల పేర్ల చివర వాళ్లు వచ్చిన చోటు రాసేవారు, మన తూర్పు తీరం నుంచి వచ్చినవాళ్లకు 'వాన్ డె కుస్ట్', అంటే 'తీరం నుంచి' అని ఉంటుంది. హింస నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పొలాల్లోనే సంకెళ్లతో వచ్చినవాళ్లు ద్రాక్ష నాటారు, కోశారు, ఆ తెల్లగోడల ఇళ్లు కట్టారు. అంతకుముందు ఈ లోయ ఖోయిఖోయి, సాన్ ప్రజలది.

ఆ కథ చెప్పే చోటు ప్నియెల్. ఫ్రాన్ష్‌హుక్ నుంచి కారులో చేరువే. బానిసత్వం 1834 డిసెంబర్ 1న రద్దయింది, కానీ అప్రెంటిస్ పేరుతో ఇంకో నాలుగేళ్లు యజమానుల దగ్గరే పని చేయించారు. అలా విడుదలైనవాళ్ల కోసం 1843లో వెలిసిన మిషన్ పల్లె ఇది. వాళ్ల సంతతి ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నారు. చర్చి, చిన్న మ్యూజియం, స్వేచ్ఛా స్మారకం ఉన్నాయి. నిదానంగా చూడండి, అక్కడి పెద్దవాళ్లు మాట కలిపితే కూర్చుని వినండి.

పక్కనే బోషెన్‌డాల్ ఎస్టేట్. 1812 నాటి పెద్ద ఇల్లు, ఓక్ చెట్ల నీడ. పిక్నిక్ బుట్ట ముందే బుక్ చేసుకుంటే పచ్చిక మీద కూర్చుని భోంచేయొచ్చు, పిల్లలున్న కుటుంబాలకు ఇంతకన్నా మంచి చోటు లేదు. 1886లో ఫిలోక్సెరా అనే వేరు పురుగు వచ్చి కేప్ తోటలను నాశనం చేసింది, ఆ తర్వాత బ్రిటిష్ గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ ఇక్కడి పొలాలు కొని పండ్ల సాగు మొదలుపెట్టించాడు. కూలీల కోసం దగ్గర్లో లాంకెడాక్ అనే వాడ కట్టించాడు. ప్నియెల్, బోషెన్‌డాల్ రెండూ ఒకే పొద్దున చూడాలి. ఒకటి చూసి ఇంకొకటి వదిలేస్తే అర్థం కాదు.

సాయంత్రానికి సమయం ఉంటే వెమ్మర్స్‌హుక్ మీదుగా పార్ల్ వెళ్లే రోడ్డు పట్టండి. ఒకప్పటి విక్టర్ వెర్స్టర్ జైలు గేటు ఈ దారిలోనే ఉంది. మండేలా 1990 ఫిబ్రవరి 11న నడిచి బయటికొచ్చింది ఈ గేటులోంచే. పిడికిలెత్తిన ఆయన విగ్రహం బయటే ఉంటుంది, టికెట్ లేదు. లోపల ఇప్పటికీ జైలు నడుస్తోంది కాబట్టి గేటు దాటి వెళ్లే ప్రయత్నం చేయకండి.

ఊరికి తిరిగొచ్చేటప్పుడు కొండ వాలున లాంగ్రుగ్ రేకుల ఇళ్లు కనిపిస్తాయి. మీకు గ్లాసు అందించిన చేతులు, గది ఊడ్చిన చేతులు చాలావరకు అలాంటి వాడల నుంచే వస్తాయి. కొన్ని తరాల పాటు తోట కూలీలకు జీతంలో కొంత భాగం నాసిరకం వైన్‌గా ఇచ్చేవారు, 'డాప్' పద్ధతి అనేవారు. చట్టం నిషేధించాక కూడా చాలా ఏళ్లు సాగింది. తాగుడు వల్ల గర్భంలోనే బిడ్డలకు కలిగిన హాని అక్కడ ఇప్పటికీ ఉంది. అందుకే టిప్ దగ్గర పొదుపు చేయకండి. బిల్లు మీద 10 నుంచి 15 శాతం ఇవ్వండి. ఇళ్ల ముందు ఆగి ఫొటోలు తీయకండి.

తిండి

పేరున్న రెస్టారెంట్లకు వారాల ముందే టేబుల్ బుక్ చేయాలి. శాకాహారులు బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, గుడ్డు ఏది తినరో ఒక్కొక్కటీ విడమరచి రాయండి. ఊరికే వెజిటేరియన్ అంటే చేప తింటారనుకునే చోట్లున్నాయి. ముందే చెబితే మాత్రం చాలా శ్రద్ధగా వండిపెడతారు. అన్నం మీద మనసు పోయినవాళ్లకు లియు వాళ్ల మారిగోల్డ్ అనే భారతీయ రెస్టారెంటు ఊళ్లోనే ఉంది.

నేను అంతకన్నా ముందు కేప్ మలయ్ వంట తినమంటాను. బానిసలుగా వచ్చిన ఆసియావాళ్ల చేతి వంట అది. ఖీమా మీద గుడ్డు, పాలు పోసి కాల్చే బొబోటీ, బ్రియానీ, సమోసా, రోటీ. ఫ్రెంచి పేర్ల మెనూ మధ్యలో పసుపు, ధనియాల వాసన తగిలితే అది ఎక్కడి నుంచి వచ్చిందో ప్నియెల్ చూసొచ్చిన మీకు తెలుసు. శనివారమైతే చర్చి దగ్గర సంత పెడతారు, పొద్దుటి ఫలహారం అక్కడ కానివ్వొచ్చు.

మూడో పొద్దున, సర్దుకునేముందు

ఊరి వెనకనున్న కనుమ ఎక్కండి. ఒకప్పుడు ఏనుగులు నడిచిన బాట అది. బ్రిటిష్ సైనికులు 1820ల్లో రోడ్డుగా మలిచారు. 1825 నాటి రాతి వంతెన మీదుగా బళ్లు ఇప్పటికీ వెళ్తున్నాయి. పైన ఆగి వెనక్కి చూస్తే లోయ మొత్తం, తోటల గళ్లన్నీ ఒకేసారి కనిపిస్తాయి. కాళ్లలో సత్తువ ఉంటే అక్కడి మోంట్ రోషెల్ అభయారణ్యంలో పర్మిట్ తీసుకుని నడవొచ్చు. నీళ్లు, టోపీ మరవకండి, వేసవిలో కొండల మీద మంటలు అంటుకునే కాలం, అగ్గిపుల్ల గీయకండి.

సీసాలు కొనడం చివరి రోజుకు పెట్టుకోండి, కారు ఎండలో వైన్ పాడవుతుంది. రుచి చూసిన తోటలోనే కొనండి. బయట ఊళ్లలో దొరకని చిన్న తయారీలు అక్కడే ఉంటాయి. బిల్లు అడిగి తీసుకోండి, ట్యాక్స్ ఇన్‌వాయిస్ అని రాసి ఉండాలి. అక్కడి వ్యాట్ 15 శాతం. 250 రాండ్లకు మించి కొన్న సరుకు దేశం దాటిస్తుంటే ఆ పన్ను పర్యాటకులకు తిరిగొస్తుంది. అయితే సరుకు చూపించాలి కాబట్టి సూట్‌కేసు విమాన కౌంటర్‌లో ఇవ్వకముందే విమానాశ్రయంలోని వ్యాట్ కౌంటర్‌కు వెళ్లండి. క్యూ ఉంటుంది, గంట ముందుగా బయల్దేరండి. సీసాలను బట్టల మధ్య చుట్టి సూట్‌కేసు నడిమధ్యలో పెట్టండి, చేతి సంచిలో వేస్తే భద్రతా తనిఖీలో తీసేస్తారు. మన కస్టమ్స్‌లో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. అంటే మామూలు సీసాలు రెండు, అందులో ఒకటి పాత సెమియోన్ అయ్యేలా చూసుకోండి.